ఎగరాలంటే ముందు పరిగెత్తాలి

(గేమ్ డిజైన్ నేర్చుకుంటున్న మిత్రులు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు అడిగితే రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించు తమ్ముడూ, మైకులో గాలి హోరే వస్తోంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఒక ఆకు గురించి. మారియో ఆటలో ఆకు. బ్లాకుని కొడితే బయటికొస్తుంది, పట్టుకుంటే మారియోకి చెవులూ తోకా మొలుస్తాయి, ఆ తోక ఊపుకుంటూ ఎగురుతాడు. అంతే. దీనికింత ప్రసంగం ఎందుకయ్యా అని మీలో కొంతమంది అనుకుంటున్నారు, మొహాల్లో కనిపిస్తోంది నాకు. చెప్తాను.

ప్లాట్‌ఫార్మ్ ఆట అంటే ఏంటి? గోతులు, గోడలు, మధ్యలో అడ్డొచ్చే శత్రువులు. గోతిని దూకాలి, గోడని ఎక్కాలి, శత్రువుని తొక్కాలి. ఇంతకుమించి ఏముంది అందులో? ఇప్పుడు అదే ఆటలో మీరు ఆటగాడికి ఎగిరే శక్తి ఇచ్చారనుకోండి. గోతి ఏమైంది? గోడ ఏమైంది? కింద తిరుగుతున్న ఆ తాబేలు ఏమైంది? అన్నీ పోయాయి. మీరు రాత్రింబవళ్ళు కూర్చుని గళ్ళ కాగితం మీద గీసుకున్న స్టేజిని వాడు పైనుంచి దాటుకుంటూ వెళ్ళిపోతాడు, కిందకి చూడను కూడా చూడడు. అంటే ఎగరడం అనేది ప్లాట్‌ఫార్మ్ ఆటకి విషం. అవునా కాదా? అలాగని ఇవ్వకుండా ఉండగలరా? ఆడేవాడికి మొట్టమొదట పుట్టే కోరికే అది. పైన మబ్బు కనిపిస్తుంది, అక్కడికి వెళ్ళాలనిపిస్తుంది. ఇస్తే ఆట చస్తుంది, ఇవ్వకపోతే కోరిక చస్తుంది. ఈ చిక్కుముడిని 1988లో ఒక ఆకుతో విప్పారు. ఎలా విప్పారో చూద్దాం, ఎందుకంటే మీరు తయారుచేసే ఆటల్లో ఎప్పుడో ఒకప్పుడు ఇదే చిక్కు మీకూ ఎదురవుతుంది.

ముందు ఒక చిన్న లెక్క. మీలో మారియో ఆడినవాళ్ళు ఎంతమంది? చూడండి, దాదాపు అందరూ. సరే, తోక ఉన్న మారియో ఆడినవాళ్ళు? ఆఁ, సగానికి సగం చేతులు దిగిపోయాయి. నేననుకున్నదే. మన ఇళ్ళల్లో తొంభైల్లో ఉన్న వీడియో గేమ్ సెట్లు చాలావరకు జపాన్ కంపెనీ నింటెండో చేసిన ఫామికామ్ అనే ఆట యంత్రానికి నకళ్ళు. దాంతో పాటు ఒక క్యాసెట్ వచ్చేది, పైన తొమ్మిది తొమ్మిదిలు వరసగా పెట్టి అన్ని లక్షల ఆటలున్నాయని రాసేవాళ్ళు, తీరా పెట్టి చూస్తే అవే నాలుగు ఆటలు పేర్లు మార్చుకుని తిరుగుతుండేవి. అందులో తప్పకుండా ఉండే మారియో 1985 నాటి మొదటి సూపర్ మారియో బ్రదర్స్. అది మొత్తం 40 కిలోబైట్లు. మూడోది, మనం ఇవాళ మాట్లాడుకుంటున్న సూపర్ మారియో బ్రదర్స్ 3, అది 384 కిలోబైట్లు. పైగా క్యాసెట్‌లోనే ఇంకో చిప్ ఉండాలి. చిన్న చిన్న ఆటలు కుక్కిన క్యాసెట్‌లో అది ఎక్కడ పడుతుంది? విడిగా కొనుక్కోవాల్సిందే. అందుకని మనలో చాలామందికి మారియో అంటే పుట్టగొడుగు, పువ్వు, నక్షత్రం, అంతటితో సరి. ఆ చిప్ సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

మూడో మారియో జపాన్‌లో 1988 అక్టోబరులో వచ్చింది, అమెరికాలో 1990 ఫిబ్రవరిలో. షిగెరు మియామోతో, తకాషి తెజుకా, వీళ్ళిద్దరి పేర్లు రాసుకోండి, ఇవాళ మనం చెప్పుకునే నిర్ణయాల వెనక ఉన్నది వీళ్ళూ వీళ్ళ బృందమూ. మారియోకి కొత్త వేషం ఏదైనా వెయ్యాలని మొదట్లో వాళ్ళకొచ్చిన ఆలోచన ఏంటో తెలుసా? సగం మనిషి, సగం గుర్రం. నిజంగా. దాన్ని పక్కన పెట్టేసి తోక దగ్గర ఆగారు. మంచి పని చేశారు.

ఇప్పుడు ఆకు పనితనం. స్క్రీన్ మీద చూడండి, ఇక్కడ ఆపాను. బ్లాకులోంచి ఆకు బయటికొచ్చింది. పుట్టగొడుగు ఏం చేస్తుంది? బయటికి రాగానే నేల మీద జారుకుంటూ పారిపోతుంది, దాని వెనక పడాలి. ఆకు అలా కాదు. పైకి లేచి, అటొకసారి ఇటొకసారి ఊగుతూ నెమ్మదిగా దిగుతుంది. చూశారా? ఇప్పుడు దాన్ని పట్టుకున్న తర్వాత మారియో దిగేది చూడండి. దూకాడు, గాల్లో ఎ బటన్ టకటకా నొక్కుతున్నాను, తోక ఊపుతున్నాడు, నెమ్మదిగా దిగుతున్నాడు. ఆకు ఎలా దిగిందో వాడూ అలాగే దిగుతున్నాడు! ఎక్కడా ఒక్క ముక్క రాసి చెప్పలేదు. వస్తువు కదలికే వాడకం నేర్పింది. నాకు ఈ ఆట మొత్తంలో ఇష్టమైన చోటు ఇదే.

అయితే ఈ తోకకి పనులు మూడు. ఒకటి, బి బటన్ నొక్కితే గిర్రున తిరిగి తోకతో కొడతాడు, తగిలిన శత్రువు పోతాడు, పక్కనున్న ఇటుక పగులుతుంది. రెండు, ఇందాక చూసిన నెమ్మదిగా దిగడం. మూడోది ఎగరడం. ఆడేవాళ్ళని కూర్చోబెట్టి గమనించండి, ఎక్కువగా వాడేది ఏది? మూడోది కాదు. రెండోది. గోతి అవతల సన్నటి గట్టు ఉంది, సరిగ్గా దాని మీద దిగాలి, టెన్షన్. అప్పుడు తోక ఊపుకుంటూ కొలిచినట్టు దిగుతారు. ఆకు పేరు చెబితే అందరికీ ఎగరడం గుర్తొస్తుంది గానీ ఆటలో మన ప్రాణం కాపాడేది మాత్రం ఈ దిగడమే. ఎగరడం లేకుండా ఉన్నా ఆ ఆకు విలువ పెద్దగా తగ్గదు. ఎగరడమే దాని ఏకైక పని అయ్యుంటే ఎగరలేని చోట అది దండగ అయ్యేది. ఇది ముఖ్యం, ఎందుకంటే ఎగరలేని చోట్లు చాలా ఉంటాయి. ఎందుకుంటాయి? ఇప్పుడొస్తున్నా అసలు విషయానికి.

స్క్రీన్ అడుగున చూడండి. చిన్న చిన్న బాణం గుర్తులు ఆరు, చివర ఒక పీ అక్షరం. కనిపిస్తోందా వెనకాల? దీన్ని పీ-మీటర్ అంటారు. బి నొక్కి పట్టి పరిగెత్తితే ఆ బాణాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. ఆరూ వెలిగి పీ మెరవాలి, ఈలలాంటి చప్పుడు రావాలి. అప్పుడు దూకితేనే ఎగురుతాడు. ఆగితే? బాణాలు ఆరిపోతాయి. గోడకి గుద్దుకుంటే? ఆరిపోతాయి. అటు తిరిగి ఇటు తిరిగితే? మళ్ళీ మొదటికి. మీటర్ నిండడానికి పట్టేది ఒకటి రెండు సెకన్లే, కానీ ఆ కాస్త టైములో మారియో సగం స్క్రీన్‌కి పైగా పరిగెత్తేస్తాడు. అంత నేల ఏ అడ్డూ లేకుండా ఉండాలి. రన్‌వే అన్నమాట.

ఎవరో హనుమంతుడు అంటున్నారు ముందు వరసలో. బాగుంది అమ్మా, నేనూ అదే అనబోతున్నాను. తోకున్నవాడు ఎగురుతున్నాడంటే మనకి వేరే ఎవరు గుర్తొస్తారు! ఆయనైనా ఉన్నచోటు నుంచి చటుక్కున లేచిపోలేదు కదా. మహేంద్రగిరి ఎక్కాడు, ఒళ్ళు పెంచాడు, కాళ్ళు అదిమాడు, కొండ అదిరింది, అప్పుడు లేచాడు. ఎగరడానికి ముందు ఆ సన్నాహం ఉంటేనే ఎగరడం గొప్పగా అనిపిస్తుంది. సరే, మళ్ళీ మారియో దగ్గరికి.

ఇప్పుడు మీరు స్టేజి గీసేవాళ్ళ స్థానంలో కూర్చోండి. ఆటగాడు ఎక్కడ ఎగరాలో ఎక్కడ ఎగరకూడదో ఎవరు నిర్ణయిస్తున్నారు? మీరే. ఎలా? ఆకాశంలో ఏమీ పెట్టక్కర్లేదు, కంచె వెయ్యక్కర్లేదు, ఇక్కడ ఎగరరాదు అని బోర్డు పెట్టక్కర్లేదు. కింద నేల ఎంత పొడుగు వదిలారన్నదే లెక్క. ఎగరకూడదా? నేలని ముక్కలు చెయ్యి, మధ్యలో ఒక గొట్టం పెట్టు, ఒక మెట్టు పెట్టు. ఎగరచ్చా? చదునుగా వదిలెయ్యి. ఆకాశానికి తాళం నేల మీద వేశారు వీళ్ళు. ఆటగాడికి అది తాళంలా కనిపించను కూడా కనిపించదు, ఇక్కడ చోటు చాల్లేదులే అనుకుంటాడు, ఆట మీద కోపం రాదు వాడికి. అదే మీరు, ఈ స్టేజిలో ఎగరడం పనిచెయ్యదు అని ఒక మెసేజ్ చూపించారనుకోండి, తిట్టుకుంటాడు.

ఎగిరాక కూడా ఊరికే వదల్లేదు. ఎ బటన్ కొడుతూనే ఉండాలి, ఆపితే దిగిపోతాడు. ఎంత కొట్టినా సుమారు నాలుగు సెకన్లే పైకి వెళ్తాడు. ఆ తర్వాత తోక ఊపుకుంటూ దిగడమే. దెబ్బ తగిలితే తోక పోతుంది. అమెరికాలో వచ్చిన ఆటలో అయితే దెబ్బ తగిలాక పెద్ద మారియో మిగులుతాడు, మొదట జపాన్‌లో వచ్చిన దాంట్లో ఒకే దెబ్బకి తిన్నగా చిన్న మారియో అయిపోతాడు. పాపం జపాన్ పిల్లలు. అన్నట్టు, చిన్న మారియోగా ఉన్నప్పుడు బ్లాకు కొడితే ఆకు రాదు, వాణ్ణి పెద్దవాణ్ణి చేసే పుట్టగొడుగే వస్తుంది. అంటే తోక కావాలంటే ముందు పెద్దవాడివి కావాలి, తర్వాత రన్‌వే కావాలి, దారిలో దెబ్బ తగలకూడదు, వేలు ఆగకూడదు. ఇన్ని ఖర్చులు పెట్టించి నాలుగు సెకన్లు ఇస్తారు. అయినా ఎవడైనా గొణిగాడా? లేదు. ఎందుకని? ఆ పరిగెత్తడం కూడా సరదాగా ఉంటుంది కాబట్టి. మీటర్ నిండుతుంటే లోపల ఏదో ఉబుకుతుంది, ఆ ఈల వినపడగానే వేలు దానంతటదే ఎ మీదకి వెళ్తుంది. ధర కట్టడమే ఆటలో భాగమైపోయింది.

సరే, మొదటి స్టేజి చూద్దాం. 1-1. ప్లే చేస్తున్నా. ఎర్ర తాబేలు వచ్చింది, తొక్కాను, చిప్పలోకి దూరింది. ఇప్పుడు నేల మీదే ఆనుకుని ఉన్న ఈ బ్లాకు చూడండి. కింద నుంచి తల పెట్టి కొట్టడానికి వీల్లేదు. మరెలా? చిప్పని తంతే అది జారుకుంటూ వెళ్ళి పక్కనుంచి కొడుతుంది. కొట్టింది. ఆకు. పట్టుకున్నాను. ఇప్పుడు ముందుకి వెళ్తుంటే ఏముంది? చదునైన నేల. మామూలుగా అయితే ఇంత ఖాళీ నేల ఎవరు వదుల్తారు మొదటి స్టేజిలో? దాని మీద రెక్కలున్న ఒక గూంబా, అంటే పుట్టగొడుగులాంటి శత్రువు, గెంతుకుంటూ వస్తోంది, కాళ్ళకి అడ్డం పడేవి ఇంకో రెండు మూడు. వాటిని తోకతో కొట్టేశాను. ఇప్పుడు దారి ఖాళీ. వెనక్కి వచ్చాను, మళ్ళీ మొదట్నుంచి పరుగు. మీటర్ నిండింది, ఈల, దూకాను. పైన గాల్లో నాణేలు కనిపిస్తున్నాయి చూశారా? వాటి వెంట వెళ్తే మబ్బులు. మబ్బుల్లో ఒక గొట్టం. దాంట్లో దిగితే గదినిండా నాణేలు, మూడు అంకె ఆకారంలో పేర్చి పెట్టారు.

ఏం జరిగిందో మళ్ళీ చూద్దాం. ఆకు ఇచ్చారు, రన్‌వే ఇచ్చారు, శుభ్రం చేసుకోవడానికి పని ఇచ్చారు, పైన ఎర వేశారు, చివర్లో బహుమతి పెట్టారు. నేర్పుతున్నామని ఒక్క మాట లేదు. ఎగరనివాడు ఏమైనా నష్టపోయాడా? లేదు, కింద నుంచి వెళ్ళిపోయి స్టేజి ముగిస్తాడు. ఇంకో సంగతి గమనించారా? నేను ఎగిరేదాకా కెమెరా పైకి కదల్లేదు. నేల మీద దూకినప్పుడు స్క్రీన్ కిందనే ఆగి ఉంది, ఎగరగానే మారియోతో పాటు పైకి లేచింది. ఈ ఆటలో చాలా స్టేజిలు నిలువున దాదాపు రెండు స్క్రీన్లంత ఉంటాయి. పై సగం ఉందని తోక లేనివాడికి తెలియను కూడా తెలియదు.

ఇక్కడ ఇందాకటి చిప్ సంగతి. మొదటి మారియోలో కెమెరా కుడివైపుకే వెళ్తుంది. వెనక్కి రాదు, పైకి పోదు. గుర్తుందా, ఎడమ అంచుకి గుద్దుకుని ఆగిపోయేవాళ్ళం. ఫామికామ్ లోపల మెమరీ ఎంతనుకున్నారు? 2 కిలోబైట్లు. మీ ఫోన్లో ఒక చిన్న బొమ్మ ఐకాన్ కూడా అందులో పట్టదు. వెనక్కి రావాలంటే ఏ ఇటుక పగలగొట్టారో, ఏ నాణెం తీసుకున్నారో గుర్తుండాలి కదా, లేకపోతే తిరిగొచ్చేసరికి అన్నీ మళ్ళీ మొలిచి ఉంటాయి. అందుకే మూడో మారియో క్యాసెట్‌లోనే ఇంకో 8 కిలోబైట్ల మెమరీ పెట్టారు, దానితోపాటు ఎంఎంసీ3 అనే చిప్. టీవీ బొమ్మ గీతలు గీతలుగా పైనుంచి కిందకి గీయబడుతుంది, ఈ చిప్ ఆ గీతల్ని లెక్కపెడుతూ కూర్చుంటుంది. ఫలానా గీత రాగానే ప్రాసెసర్‌ని తట్టి లేపుతుంది. అప్పుడు కింది పట్టీని కదలకుండా విడిగా చూపించచ్చు. పైన ఆట అటూ ఇటూ, పైకీ కిందకీ కదులుతుంటుంది, కింద పీ-మీటర్ మాత్రం కదలదు. అంటే ఆ పీ-మీటర్‌ని మీరు చూడగలుగుతున్నదే ఆ చిప్ వల్ల. ఆకు అనే ఆలోచన ఒక్కటే చాల్లేదు, దానికి చోటిచ్చే యంత్రం కూడా కావాల్సొచ్చింది. స్క్రీన్ కుడి అంచున రంగులు కొంచెం చెదిరినట్టు కనిపిస్తాయి చూడండి, అదిగో, అన్ని వైపులా కదిలించినందుకు కట్టిన సుంకం అది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆకుకీ తోకకీ ఏంటి సంబంధం అని అడిగారు ఇందాక టీ దగ్గర. మంచి ప్రశ్న. జపాన్‌లో తనూకి అని ఒక జంతువుంది, చూడ్డానికి రకూన్‌లా ఉంటుంది గానీ కుక్క జాతిది. అక్కడి జానపద కథల్లో అది మాయలమారి. నెత్తిన ఒక ఆకు పెట్టుకుని రూపం మార్చుకుంటుంది, మనుషుల్ని ఆటపట్టిస్తుంది. జపాన్ పిల్లవాడికి ఆకు చూడగానే, ఓహో, ఇప్పుడు వేషం మారుతుంది అని తెలిసిపోతుంది. బయటివాళ్ళకి అదో వింత. ఇదే ఆటలో తనూకి సూట్ అని ఇంకోటి ఉంది, ఒళ్ళంతా కప్పేది, అది వేసుకుంటే రాతి విగ్రహంగా కూడా మారచ్చు. ఆ విగ్రహం జిజో, జపాన్‌లో దారుల పక్కన కనిపించే బోధిసత్వుడి విగ్రహం. ఊళ్ళో అందరికీ తెలిసిన కథని తెచ్చి బటన్ కింద పెట్టారన్నమాట. ఈ సూట్ మీద 2011లో జంతువుల హక్కుల సంస్థ పెటా వాళ్ళు గొడవ చేశారు, తనూకి చర్మం తొడుక్కుంటున్నాడు మారియో అని. తోలు ఒలిచిన తనూకి మారియో వెంటపడే చిన్న ఆట కూడా తయారుచేశారు. తర్వాత, సరదాగా చేశాంలే అన్నారు. దాని గురించి ఇంతకంటే టైమ్ అనవసరం.

ఇప్పుడు మీకు కోట చూపిస్తాను. ఈ ఆటలో స్టేజిలని లోకాలుగా విడగొట్టారు, మొదటి లోకంలోని కోట ఇది. ఇది చూపించకుండా ఆకు గురించి మాట్లాడడం అన్యాయం. కోట అంటే పైన కప్పు ఉంటుంది కదా. ఆకాశం లేదు. ఎగరడానికి ఏముంది అనుకుంటాం. మొదటి భాగం చివర్లో తలుపు ఉంది, అందరూ దాంట్లోకి వెళ్ళిపోతారు. కానీ తలుపు పైన చూడండి, కప్పు పూర్తిగా మూసి లేదు. ఈ ఎముకల తాబేళ్ళని తప్పించుకుని కాస్త వెనక్కి వచ్చి, పరుగు, మీటర్, ఈల, దూకు. పైకి, ఇంకా పైకి. కప్పు మీదకి ఎక్కేశాడు. ఇప్పుడు కుడివైపు నడవండి. మారియో కనిపిస్తున్నాడా? లేదు! స్క్రీన్ దాటి పైకి వెళ్ళిపోయాడు. కనిపించకుండానే నడిపిస్తున్నాను. ఇక ముందుకి పోలేని చోట ఆగి, పై బటన్. తలుపు. లోపల పెట్టె. పెట్టెలో ఈల. ఆ ఈల ఊదితే లోకాలకి లోకాలే దాటించేస్తుంది.

ఇది ఎవడు కనిపెట్టాడో, ఎవడు ఎవడికి చెప్పాడో! ఇంటర్నెట్ లేని రోజులు. కానీ ఒక్కసారి విన్నవాడు ఆ తర్వాత ఏ కప్పు చూసినా అనుమానిస్తాడు. ఎగిరే శక్తి ఇవ్వడం వల్ల స్టేజి చిన్నదైపోతుంది కదా అని మనం భయపడ్డాం. ఇక్కడ తిరగబడింది. ఆటగాడి అనుమానం వల్ల స్టేజి పెద్దదైంది. నిజానికి పైన ఏమీ లేని చోట కూడా వాడు ఏదో ఉందనుకుని ఎగిరి చూస్తాడు.

మరి ఊరికే ఎగిరేదేమీ పెట్టలేదా? పెట్టారు. పీ-వింగ్ అని. మ్యాప్ మీద ఉన్నప్పుడు వాడితే ఆ స్టేజి మొత్తం మీటర్ నిండే ఉంటుంది, రన్‌వే అక్కర్లేదు, దెబ్బ తగిలేదాకా ఎంతసేపైనా ఎగరచ్చు. అంటే నేను ఇందాకట్నుంచి పొగిడినదంతా ఒక్క వస్తువుతో తీసి గట్టున పెట్టారు. కానీ ఎలా ఇచ్చారు? అరుదుగా. మొదటి లోకం ముగించగానే యువరాణి రాసిన ఉత్తరంతో పాటు ఒకటి వస్తుంది. వాడితే అయిపోతుంది. దాంతో అందరూ ఏం చేస్తారు? దాచుకుంటారు. ఇంకా కష్టమైన స్టేజి వస్తుందేమో అని దాచి దాచి ఆట అయిపోయేదాకా వాడరు. మన ఇళ్ళల్లో కొత్త దుప్పట్లు బీరువాలో ఉన్నట్టు. మా తమ్ముడైతే ఆట పూర్తిచేసేసరికి ఒక వరస నిండా అవే మిగిల్చుకున్నాడు.

తర్వాత సంగతి తొందరగా చెప్పేస్తాను. 1990లో సూపర్ మారియో వరల్డ్ వచ్చింది, ఆకు పోయి ఈక వచ్చింది, తోక పోయి కేప్, అంటే వీపున వేలాడే బట్ట, వచ్చింది. పరుగు ఇక్కడా కావాలి, కానీ ఒకసారి లేచాక చేతనైనవాడికి నాలుగు సెకన్ల లెక్క లేదు. ముందుకి నొక్కితే దిగుతాడు, సరైన క్షణంలో వెనక్కి లాగితే కేప్ గాలి పట్టి మళ్ళీ లేస్తాడు. ఆ దిగడం లేవడం తాళం పట్టుబడితే స్టేజి ఈ చివర నుంచి ఆ చివరకి గాల్లోనే. ఆడుతుంటే అదే ఎక్కువ బాగుంటుంది, ఒప్పుకుంటాను, చేతికి అంత హాయినిచ్చే కదలిక ఇంకోటి లేదు. కానీ స్టేజిలు నష్టపోయాయి. చాలా స్టేజిల మీదుగా ఊరికే ఎగిరిపోవచ్చు. దానికి వాళ్ళు వేసిన విరుగుడు ఏంటంటే, ఆటలో మొత్తం 96 ముగింపు దారులు పెట్టారు, కొన్ని స్టేజిలకి రెండేసి. పైనుంచి పోయేవాడికి కింద దాచినవి దొరకవు. అది మంచి విరుగుడే. అయినా నన్నడిగితే, ఆటవస్తువుగా కేప్ గొప్పది, డిజైన్‌గా ఆకు గొప్పది. ఎవరైనా కాదంటే తర్వాత పోట్లాడుకుందాం.

1992లో మసహిరో సకురాయ్ చేసిన కిర్బీ అనే ఆట చూడండి. అందులో మొదటి క్షణం నుంచీ ఎగరచ్చు, ధర లేదు. కొత్తగా ఆడేవాళ్ళ కోసం చేసిన ఆట అది, గోతిలో పడి చావకూడదు అని. సరే, మరి కష్టం ఎక్కడ పెట్టారు? శత్రువుల్ని మింగడంలో, వాళ్ళతో కొట్లాటలో. ఎగురుతున్నంతసేపూ నోరు గాలితో నిండి ఉంటుంది, మింగలేడు, గాలి వదిలితేనే మింగగలడు. అక్కడ ధర అలా కట్టించారు. 1996లో మారియో 64, మూడు కొలతల్లోకి వచ్చింది, రెక్కల టోపీ ఇచ్చారు. అది పెట్టుకుని వరసగా మూడు గెంతులు వెయ్యాలి, లేదా ఫిరంగిలోంచి దూకాలి. టోపీకి టైమ్ ఉంటుంది. ఎంత ఎగిరినా మొత్తం మీద ఎత్తు తగ్గుతూనే ఉంటుంది. 2009లో నింటెండో వీ (Wii) అనే ఆట యంత్రం కోసం వచ్చిన మారియోలో ప్రొపెల్లర్ పుట్టగొడుగు, రిమోట్ ఊపితే నిట్టనిలువున లేస్తాడు, పరుగు అక్కర్లేదు, కానీ ఒక్కసారే, తర్వాత దిగాల్సిందే. 2011లో సూపర్ మారియో త్రీడీ ల్యాండ్ అనే ఆటలో ఆకు తిరిగొచ్చింది. అందరూ సంబరపడ్డారు. తీరా చూస్తే మామూలు ఆకుతో ఎగరలేం! తోకతో కొట్టడం ఉంది, నెమ్మదిగా దిగడం ఉంది, ఎగరడం తీసేశారు. ఇందాక నేను అన్నాను కదా, ఎగరడం లేకపోయినా ఆకు విలువ తగ్గదని. ఆ ఆటలో తోక మీరు దాదాపు ఆట పొడుగునా వాడతారు.

ప్రశ్నలు తీసుకుందాం. చెప్పు బాబూ. ఆఁ... ఈ అబ్బాయి అడుగుతున్నది, మా ఆటలో జెట్‌ప్యాక్ పెట్టాం, ఇంధనం పట్టీ ఉంది, అయిపోతే కాసేపటికి దానంతటదే నిండుతుంది, ఆకులా ధర ఉన్నట్టే కదా అని. ఉంది, కానీ ఆ ధర ఎలా కడుతున్నాడు? నిలబడి. నిండేదాకా ఏం చేస్తాడు వాడు? ఫోన్ చూసుకుంటాడు. నీ పట్టీ నిలబడ్డా నిండుతోంది, మారియో పట్టీ పరిగెడితేనే నిండుతుంది. తేడా అదే. నువ్వు ఒక పని చెయ్యి, నిలబడితే నిండకుండా ఏదో ఒకటి చేస్తేనే నిండేటట్టు మార్చు. గోడ మీంచి గోడ మీదకి దూకితేనో, శత్రువుని తొక్కితేనో. ఏది పెట్టినా అది స్టేజి గీసేవాడి చేతిలో ఉండాలి, ఎక్కడ నిండాలో ఎక్కడ నిండకూడదో అతను గీతతో చెప్పగలగాలి. ముందు ఒక్క స్టేజిలో మార్చి చూడు, అన్నీ ఒకేసారి తిరగరాయకు.

అమ్మా, మీది? స్టేజి పైన ఏమీ పెట్టకపోతే ఎగిరి చూసినవాడు నిరాశపడడా అని. పడతాడు. అన్నిచోట్లా పెట్టక్కర్లేదు, కానీ మొదటిసారి ఎగిరినప్పుడు మాత్రం తప్పకుండా ఏదో ఒకటి దొరకాలి. 1-1లో అందుకే నాణేలు, మబ్బులు, గొట్టం, గది, అన్నీ ఒకదాని వెనక ఒకటి పెట్టారు. ఆ ఒక్కసారి దొరికితే తర్వాత పది చోట్ల దొరక్కపోయినా వెతుకుతాడు.

హాలు ఇంకో అరగంట మనదేనట. రెండు కంట్రోలర్లు ఉన్నాయి, ఆట అలాగే ఆన్‌లో పెట్టి ఉంచాను. తోక మారియో ఎప్పుడూ ఆడనివాళ్ళు ముందు రండి, తెలిసినవాళ్ళు పక్కన నిలబడి చెప్పకండి దయచేసి. వాళ్ళు ఆ రన్‌వే ఎప్పుడు గమనిస్తారో మనం చూడాలి.